ఆఫీసు కంప్యూటర్లో సర్కారు ఉద్యోగానికి దరఖాస్తు పెడితే...

ప్రశ్న: మాది ఒడిశా గజపతి జిల్లా, పర్లాకిమిడి. మా పెద్దమ్మాయి ఇక్కడే ప్లస్ త్రీ సైన్స్ చేసి, ఏడాదిగా విశాఖపట్నంలో అమెరికా ఆసుపత్రుల బిల్లులు చూసే ఆఫీసులో పనిచేస్తోంది. మొన్నామధ్య భోజనం టైములో ఆఫీసు కంప్యూటర్లో ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాల సైటు తెరవబోతే బ్లాక్ అని వచ్చిందట. పక్క సీటు అమ్మాయి చెబితే బ్లాక్ దాటించే ఏదో ఉచిత వీపీఎన్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని దరఖాస్తు నింపేసింది. వారం తిరక్కుండా వార్నింగ్ లెటర్ ఇచ్చి సంజాయిషీ అడిగారు. వేరే ఉద్యోగం చూసుకుంటోందని కక్ష కట్టారని మా వారంటున్నారు. ఉన్న ఉద్యోగం పోతుందా? రేపు సర్కారు ఉద్యోగం వస్తే ఈ లెటర్ అడ్డమవుతుందా? ఆడపిల్ల కంప్యూటర్లో ఏం చూస్తోందో వాళ్లు చూడటం మాత్రం తప్పు కాదా? ఇంకో మాట. మా అబ్బాయి ప్లస్ త్రీ కంప్యూటర్ సైన్స్ రెండో ఏడాది. ‘ఆ బ్లాక్ చేసే ఉద్యోగమేదో నేనే చేస్తా’ అంటున్నాడు. అలాంటివి నిజంగా ఉంటాయా?

జవాబు: అమ్మా, సంజాయిషీ అడిగినంత మాత్రాన ఉద్యోగం పోయినట్టు కాదు. అడిగారంటే మాట్లాడటానికి చోటుంది. కాకపోతే ఆ లెటర్ దేనికిచ్చారన్నది మీ ఇంట్లో ఒకలా అర్థమైంది, ఆఫీసులో ఇంకోలా నడుస్తోంది. అది సర్దుకోకుండా సంజాయిషీ రాస్తే చెడుతుంది.

వేరే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడం నేరమేమీ కాదు. ఆ ఆఫీసుల్లో సగంమంది అదే పనిలో ఉంటారు, టీమ్ లీడర్లతో సహా. అక్కడ గుబులు పుట్టించింది వీపీఎన్. మీ అమ్మాయి ముందున్న తెరమీద అమెరికా రోగుల పేర్లు, పుట్టిన తేదీలు, జబ్బులు, బీమా నంబర్లు ఉంటాయి. ఆ వివరాలు బయటికి పొక్కకూడదని అక్కడ 1996లోనే హిపా అనే చట్టం చేశారు. ఆసుపత్రి తరఫున బిల్లులు చూసే కంపెనీ ఆ నిబంధనలకు కట్టుబడతానని ఒప్పందం రాసివ్వాలి. ఫోన్లు లాకర్లో పెట్టించడం, పెన్ డ్రైవ్ పనిచేయకుండా చేయడం, సొంత జీమెయిల్, వాట్సాప్ వెబ్ బ్లాక్ చేయడం అన్నీ అందుకే. పిల్లలు టైం వృథా చేస్తారన్న బెంగ రెండోది. ఉచిత వీపీఎన్ పెట్టుకుంటే బ్రౌజర్లోంచి వెళ్లేదంతా ముక్కూ మొహం తెలియని ఎవరిదో సర్వర్ మీదుగా పోతుంది. రోగుల వివరాలుండే కంప్యూటర్లో అలాంటిది కనబడితే సెక్యూరిటీ వాళ్లు దాన్ని ప్రమాదంగానే నమోదు చేస్తారు. మీ అమ్మాయి దరఖాస్తు తప్ప ఇంకేమీ పంపలేదని మనకు తెలుసు. వాళ్లకెలా తెలుస్తుంది?

సైటు ఎందుకు బ్లాక్ అయిందంటే, ఫిల్టర్లో ఒక్కో సైటునూ కూర్చుని ఎవరూ ఆపరు. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లే సైట్లను జూదం, సినిమాలు, ఉద్యోగాల వేట అని గుంపులుగా విడగొట్టి ఇస్తారు. ఆఫీసు ఆ గుంపుల్లో కొన్నిటిని మూసేస్తుంది. మీ అమ్మాయి తెరిచిన సైటు ఉద్యోగాల గుంపులో పడి ఉంటుంది. అందులో కక్షేమీ కనబడదు.

ఇక ఎలా చూశారన్నది. ఇన్‌కాగ్నిటోలో తెరిస్తే ఎవరికీ తెలియదని చాలామంది పిల్లల నమ్మకం. అది ఆ కంప్యూటర్లో హిస్టరీ మిగలకుండా చేస్తుంది, అంతే. మామూలుగా https అని మొదలయ్యే సైటు తెరిస్తే మధ్యలో ఉన్నవాళ్లకు సైటు పేరు దాకా తెలుస్తుంది, లోపల ఏం రాశామో తెలియదు. కానీ కంపెనీ తన కంప్యూటర్లలో తన సొంత డిజిటల్ సర్టిఫికెట్ ముందే పెట్టుకుంటే, గేటు దగ్గర సెక్యూరిటీ పార్సిల్ విప్పి చూసి మళ్లీ అంటించి పంపినట్టు, ఆఫీసు నెట్‌కు కాపలా ఉండే ఫైర్‌వాల్ ఆ పేజీని కూడా విప్పి చదవగలదు. బ్యాంకు సైట్లను విప్పకుండా వదిలేసే ఆఫీసులు చాలానే ఉన్నాయి, అయితే అది వాళ్ల ఇష్టం. సొంత ఫోన్‌ను ఆఫీసు వైఫైకి కలిపినా ఏ సైటుకి వెళ్లారో వాళ్ల లాగ్‌లో, అంటే రికార్డులో, పడే వీలుంది. సొంత ఫోను, సొంత డేటా అయితే ఆ గొడవే లేదు.

అది తప్పు కాదా అన్నారు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 2017లో చెప్పింది, నిజమే. అయితే 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోనే, యజమాని తన సంస్థకు నష్టం రాకుండా, రహస్యాలు పోకుండా చూసుకోవడానికి ఉద్యోగి సమాచారాన్ని వాడుకోవచ్చన్న వెసులుబాటు ఉంది. అదే 2017లో యూరప్ మానవ హక్కుల కోర్టు ఒక కేసు తేల్చింది. రుమేనియాలో బర్బులెస్కు అనే ఉద్యోగి ఆఫీసు పనికని తెరిచిన మెసెంజర్‌లో కాబోయే భార్యకూ సోదరుడికీ కబుర్లు రాశాడని ఉద్యోగం తీసేశారు. ఎంతమేరకు గమనిస్తారో, రాసింది చదువుతారో లేదో అతనికి ముందుగా చెప్పలేదు కాబట్టి అతని హక్కుకు భంగం కలిగిందని కోర్టు అంది. ఆ తీర్పు మన దగ్గర చెల్లదు గానీ, అందులోని ప్రశ్న మనకూ పనికొస్తుంది: ముందే చెప్పారా? చేరిన రోజు కట్టగా ఇచ్చిన కాగితాల మీద మీ అమ్మాయి సంతకాలు పెట్టే ఉంటుంది. అందులో ఇంటర్నెట్ వాడకం పాలసీ ఉందేమో చూడాలి. లేకపోతే హెచ్‌ఆర్‌ను మర్యాదగా అడిగి కాపీ తీసుకోమనండి. నిబంధన చూపించకుండా శిక్ష వేయబోతే అప్పుడు గట్టిగా మాట్లాడొచ్చు. చూపిస్తే మాత్రం వాదన పెట్టుకోకపోవడం మంచిది.

సంజాయిషీ అరపేజీ చాలు. ఏ రోజు, ఏ వీపీఎన్, ఎందుకు పెట్టుకుందో ఉన్నదున్నట్టు రాయాలి. భోజనం టైములో సొంత దరఖాస్తు కోసమేనని, ఆఫీసు ఫైలు ఏదీ పంపలేదని, కావాలంటే కంప్యూటర్ చూసుకోవచ్చని, ఇకమీదట సొంత పనికి ఆఫీసు కంప్యూటర్ వాడనని చెబితే సరిపోతుంది. పక్క సీటు అమ్మాయి పేరు తనంతట తాను రాయొద్దు. విచారణలో అడిగితే అబద్ధమూ చెప్పొద్దు. ఇంటి కష్టాలు అక్కర్లేదు. నాలుగు పేజీల ఏడుపు హెచ్‌ఆర్ వాళ్లు చదవరు.

భయపడి హిస్టరీ చెరిపేయడం, వీపీఎన్‌ను గుట్టుగా తీసేయడం లాంటివి చేయనివ్వకండి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు తమ సిస్టమ్ లాగ్‌లను 180 రోజులు దాచి ఉంచాలి. ఇక్కడ చెరిపినా అక్కడ ఉంటుంది, పైగా దాచాలని చూసిందన్న పేరొస్తుంది. ఆధార్, సంతకం, మార్కుల జాబితా స్కాన్లు డౌన్‌లోడ్స్‌లో మిగిలిపోయి ఉంటే ఐటీ వాళ్లతో చెప్పే తీయించుకోవాలి. దరఖాస్తు సైటు, మెయిల్, ఫీజు కట్టిన బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఈ రాత్రే సొంత ఫోన్లోంచి మార్చమనండి. ఈ గొడవలో అందరూ ఆఫీసు ఏం చూసిందో అనే చూస్తున్నారు. నాకైతే ఆ ఉచిత వీపీఎన్ వాడు ఏం పట్టుకుపోయాడో అన్నదే ఎక్కువ దిగులు.

సర్కారు ఉద్యోగం సంగతి. వెరిఫికేషన్ ఫారాల్లో సాధారణంగా అడిగేవి అరెస్టు, కోర్టు కేసు, శిక్ష, పరీక్షల నుంచి డిబార్ కావడం లాంటివి. ప్రైవేటు కంపెనీ ఇచ్చిన వార్నింగ్ లెటర్ వాటి కిందికి రాదు. ఇకమీదట దరఖాస్తులు సెలవు రోజున ఫోన్లో నింపుకోవచ్చు. ఫోన్లో స్కాన్లు కుదరకపోతే పర్లాకిమిడి వచ్చినప్పుడు జనసేవా కేంద్రంలో కూర్చుని, తన ఫోనుకు వచ్చే ఓటీపీ తనే కొట్టి, అయ్యాక లాగౌట్ చేసి రావాలి.

అబ్బాయికి: ఉంటాయి బాబూ. నెట్‌వర్క్ అడ్మిన్, ఫైర్‌వాల్ అడ్మిన్, సెక్యూరిటీ అనలిస్ట్ అని పిలుస్తారు. బ్లాక్ చేయడం అందులో చిన్న పని. అవసరమైన సైటు బ్లాక్ అయి అకౌంట్స్ వాళ్లు గోల పెడుతుంటే పదినిమిషాల్లో కారణం పట్టుకోవడమే అసలు పని. సైటు పేరును నంబరుగా మార్చే డీఎన్‌ఎస్ అంటే ఏమిటో, మనకూ సైటుకూ మధ్యవర్తిగా ఉండే ప్రాక్సీ ఎక్కడ కూర్చుంటుందో తెలియకపోతే పట్టుకోలేవు. సర్కారు ఆన్‌లైన్ పాఠాల వేదికలు స్వయం, ఎన్‌పీటీఈఎల్‌లలో కంప్యూటర్ నెట్‌వర్క్స్ పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే లైనక్స్ ఎక్కించి స్క్విడ్ అనే ప్రాక్సీ పెట్టు, ప్రకటనల్ని ఆపే పై-హోల్ పెట్టు. నెట్‌లో ఏం వెళ్తోందో చూపించే వైర్‌షార్క్‌తో మీ ఇంటి వైఫై మీదే చూడు, పక్కింటి వాళ్లది ముట్టుకోకు. డిగ్రీ అయ్యేలోపు సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ పరీక్ష సీసీఎన్ఏకు సిద్ధమైతే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి సరుకుంటుంది. బరంపురంలో కేంద్ర ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ పార్కుల సంస్థ ఎస్‌టీపీఐ కేంద్రం ఉంది గానీ, మొదటి ఉద్యోగానికి భువనేశ్వరో విశాఖో వెళ్లక తప్పదనుకో. రాత్రి షిఫ్టులూ ఉంటాయి. ఇంకోటి, ఎవరు ఏ సైటు చూస్తున్నారో నీకు కనబడుతుంది. అది టీ కొట్టు దగ్గర చెప్పే అలవాటుంటే ఈ దారి పట్టకు.

మీకు, అమ్మా: నెల రోజుల్లో ఎథికల్ హ్యాకర్‌ని చేస్తాం, వెంటనే ప్లేస్‌మెంట్ అంటూ వేలకు వేలు అడిగే కోచింగులకు ఇప్పుడే డబ్బు కట్టకండి. ఆ డబ్బుతో అబ్బాయికి సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఇంకోటి వస్తుంది. నెట్‌వర్క్ నేర్చుకోవడానికి రెండుంటే మేలు.