సర్పంచ్ పోటీ: చేతిలో పైసల్లేకపోతే గెలవలేమా?

తమ్ముడూ, మీ అక్క నారాయణపేట దగ్గరి ఊళ్లో సర్పంచ్‌గా నిలబడుతోంది, అవతలివాళ్లు పైసలు పంచుతున్నారు, ఎట్లా అని అడిగావు. పైసలు పని చేయవని నేను అబద్ధం చెప్పను. కానీ ఊరి ఎన్నికలో మెజారిటీ చాలాసార్లు పదుల్లోనే ఉంటుంది. అదే మీకు బలం.

ముందు ఓటర్ల జాబితా తీసుకుని ఇంటింటికీ పెన్నుతో గుర్తు పెట్టండి: మనవాళ్లు, అటువాళ్లు, ఊగేవాళ్లు, ఊళ్లో లేనివాళ్లు. మన పాలమూరులో ఈ చివరి వరుసే పెద్దది. ముంబై, పుణె, హైదరాబాద్ పోయినవాళ్లకు అక్క స్వయంగా ఫోన్ చేయాలి. వాళ్ల కోసం బండ్లు మాత్రం మాట్లాడకండి, అది నేరం. ఊగేవాళ్ల ఇళ్లకు మూడుసార్లైనా పోవాలి. అలిగిన బంధువుల దగ్గరికి మొదటి రోజే పోవాలి, సిగ్గుపడొద్దు.

ఇక గుర్తు. పంచాయతీ ఎన్నికలో పార్టీ గుర్తులుండవు, పేపర్ బ్యాలెట్ మీద పేరు కూడా ఉండదు. కాబట్టి ముసలివాళ్లకు పేరు కన్నా గుర్తు చూపించి చెప్పండి. సర్పంచ్‌కు గులాబీ కాగితం, వార్డుకు తెల్లది. ముద్ర రెండు గుర్తుల మధ్య పడితే ఓటు పోయినట్టే. మా ఊళ్లో అట్లా చెల్లని ఓట్లు మెజారిటీ కన్నా ఎక్కువొచ్చాయి, ఇప్పటికీ కడుపు మండుతుంది!

పోలింగ్ మధ్యాహ్నం ఒంటిగంటకే ముగుస్తుంది, లెక్కింపు అదే రోజు. పదకొండు లోపు మనవాళ్లంతా లైన్లో ఉండేలా చూసుకోండి. లెక్కింపు దగ్గర గొడవపడేవాణ్ని కాదు, కళ్లు తిప్పకుండా కూర్చునేవాణ్ని ఏజెంటుగా పెట్టండి.