ఉడుము పిల్లకు పెద్ద బల్బు ఇప్పుడే వద్దు
మీ యాకీ ఉడుము (ఆస్ట్రేలియాకు చెందిన చిన్న ఉడుము జాతి) పిల్ల లైటు కిందికి రావట్లేదని, పెట్టె గోడకున్న థర్మామీటర్‌లో 35 డిగ్రీలే ఉందని, పెద్ద బల్బు పెట్టాలా అని అడిగారు. ఆగండి. ఆ థర్మామీటర్ చెప్పేది గాలి వేడి. పిల్ల వేడి కాచుకునే రాయి పైభాగాన్ని ఇన్‌ఫ్రారెడ్ టెంపరేచర్ గన్‌తో కొలవండి. అక్కడ 50–60 డిగ్రీల సెల్సియస్ కావాలి. వింటే భయమేస్తుంది గానీ, చల్లటి వైపు 25–28 ఉండి, అటు వెళ్లే వీలుంటే ప్రమాదం లేదు. పిల్లలకు అసలు ముప్పు చిన్న పెట్టె మొత్తం వేడెక్కి ఒంట్లో నీరు తగ్గిపోవడం. ఒకే బలమైన స్పాట్ బల్బు వీపు మీద ఒక్కచోటే కాలుస్తుంది. బదులుగా తక్కువ వాట్ల ఫ్లడ్ బల్బులు (వెలుగును వెడల్పుగా పరిచేవి) రెండు పక్కపక్కన, డిమ్మర్‌తో పెట్టండి. వేడి ముక్కు నుంచి తోక మొదలు దాకా పడాలి. లోతుగా పోసిన మట్టిని కాస్త తడిగా ఉంచండి. కొత్త పిల్ల దాక్కోవడం మామూలే, టెన్షన్ వద్దు. రాయి మీద ఎంత వచ్చిందో చెప్పండి, బల్బు ఎత్తు సంగతి అప్పుడు చూద్దాం.