కాలిన ఇంటి బూడిదను ఎవరు ఎత్తాలి?

కాలిఫోర్నియాలో మీ ఇంటిని కాల్చేసిన కార్చిచ్చు చల్లారి, పోలీసులు దారి తెరిచి, మిమ్మల్ని మీ స్థలంలోకి రానిచ్చిన రోజున దేవరకొండలోనో నాగర్‌కర్నూల్‌లోనో ఉన్న అమ్మానాన్నలు ఫోనులో మొదట అడిగేది, "నలుగురు కూలీలను పెట్టి ఆ బూడిద ఎత్తించరాదా బిడ్డా?" అనే. వారు అలా అడగడం సహజమే. మన వైపు గడ్డివాము అంటుకున్నా, గుడిసె కాలినా ఊరివాళ్లే పారలు, గంపలు పట్టుకొని వచ్చి జాగా శుభ్రం చేసి పెడతారు. కానీ అక్కడ కొత్తగా ఇల్లు కొనుక్కొని ఇంతటి నష్టాన్ని మొదటిసారి చూస్తున్న మన పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: కౌంటీ (మన జిల్లా లాంటి పాలనా విభాగం) అనుమతి లేకుండా ఆ శిథిలాలను మీరు ఎత్తవద్దు, ఎవరిచేతా ఎత్తించవద్దు.

అక్కడ కాలింది కట్టె, గడ్డి మాత్రమే కాదు. పాత ఇళ్ల కప్పుల్లోని ఆస్‌బెస్టాస్, గోడల రంగుల్లోని సీసం, గ్యారేజీలోని పురుగుమందులు, కార్ల లిథియం బ్యాటరీలు అన్నీ ఆ బూడిదలోనే ఉంటాయి. తేటగా కనిపించే ఫ్లోరైడ్ నీళ్లే ఎముకలను వంచేస్తాయని మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల పెద్దలను చూసి పెరిగిన నల్లగొండ వారికి వేరే చెప్పనక్కర లేదు. ఆ ఫ్లోరైడ్ లాగే ఈ విషమూ కంటికి కనిపించదు. నీళ్ల మాట కూడా ఇక్కడే చెప్పాలి. 2017లో శాంటా రోజాలో, 2018లో ప్యారడైజ్ పట్టణంలో మంటల తరువాత తాగునీటి గొట్టాల్లో బెంజీన్ బయటపడింది. అది కాచినంత మాత్రాన పోయేది కాదు, పైగా ఆవిరితో పాటు ఇంటి గాలిలో కలుస్తుంది. కాబట్టి నీటి సంస్థ సరేననే వరకు సీసా నీళ్లే వాడండి.

పెద్ద కార్చిచ్చుల తరువాత ప్రభుత్వమే రెండు దశల్లో శుభ్రం చేయిస్తుంది. 2025 జనవరి నాటి లాస్ ఏంజెలెస్ మంటల తరువాత మొదటి దశలో పర్యావరణ పరిరక్షణ సంస్థ సిబ్బంది బ్యాటరీలు, గ్యాస్ సిలిండర్లు, రసాయనాలు ఏరివేశారు. రెండో దశలో ఆర్మీ ఇంజనీర్ల విభాగం శిథిలాలను, బూడిదను తొలగించింది. ఈ రెండో దశ కోసం ఇంటి యజమాని "రైట్ ఆఫ్ ఎంట్రీ" అనే అనుమతి పత్రంపై గడువులోగా సంతకం చేయాలి. మీ సెప్టిక్ ట్యాంకు, బోరు, భూమిలోని గ్యాస్ గొట్టం ఎక్కడున్నాయో అందులో తప్పక చూపండి, లేకపోతే యంత్రం వాటి మీదికి ఎక్కవచ్చు. ఇన్సూరెన్సులో శిథిలాల తొలగింపుకు విడిగా సొమ్ము ఉంటే ప్రభుత్వం దానిని తీసుకుంటుంది. మీ చేతి డబ్బు అడగదు. అందుకే ఆ సొమ్మును ముందే వేరే పనికి ఖర్చు పెట్టుకోవద్దు. సొంతంగా చేయించుకుంటామంటే కౌంటీ అనుమతులు, లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు, మట్టి పరీక్షలు అన్నీ మీ బాధ్యతే అవుతాయి. ఇంటి పనుల కాంట్రాక్టరు ఎవరైనా ఒప్పందం ధరలో 10 శాతం, 1,000 డాలర్లు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతకు మించి అడ్వాన్సు అడిగితే అక్కడే ఆపేయండి. ఈ రాష్ట్రంలో అది చట్టవిరుద్ధం.

నాకు అన్నిటికన్నా భయం చెట్ల గురించే. కాండం నిలబడి, పైన పచ్చని ఆకులు కనిపిస్తున్నా కింద వేళ్లు లోలోపల నిప్పురాజుకొని కాలిపోయి ఉండవచ్చు. చెట్టు మొదలు దగ్గర తెల్లటి బూడిదతో నిండిన గుంటలు, వేరు కాలిపోయి సొరంగంలా మిగిలిన ఖాళీలు ఉంటాయి. పైకి గట్టి నేలలా ఉండి అడుగు పెడితే కాలు మోకాలి దాకా దిగబడుతుంది, లోపల ఇంకా నిప్పు ఉండవచ్చు. అటువంటి చెట్టు గాలి లేకుండానే కూలవచ్చు. గాలిదుమారానికి ఒరిగిన చింతను, తుమ్మను గొడ్డలితో కొట్టిన అనుభవం ఇక్కడ పనికిరాదు, దయచేసి రంపం పట్టుకోవద్దు. రోడ్డు మీద, పనివారి మీద పడే ప్రమాదమున్న చెట్లనే ప్రభుత్వం కొడుతుంది, మిగిలినవి యజమాని చూసుకోవాలి. అలాగని అన్నింటినీ నరికించకండి. సూదులన్నీ, మొగ్గలన్నీ మాడిపోయిన పైన్ చెట్టు తిరిగి బతకదు కానీ, నల్లబడిన లైవ్ ఓక్ (ఏడాదంతా పచ్చగా ఉండే ఓక్ చెట్టు) చాలాసార్లు వసంతంలో చిగురిస్తుంది. చాలా ఊళ్లలో దానిని అనుమతి లేకుండా కొట్టకూడదు కూడా. ధ్రువీకరణ ఉన్న ఆర్బరిస్టుకు, అంటే చెట్ల నిపుణుడికి చూపించి, అతని అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోండి.

అద్దెకు ఉన్నవారు అనుమతి పత్రంపై సంతకం చేయలేరు, ఆ పని యజమానిదే. హెచ్‌-1బీ వీసాపై ఉన్నవారికి ఫెమా (విపత్తు సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) నగదు సాయం నేరుగా రాదు; ఇక్కడ పుట్టిన చిన్న పిల్లలుంటే వారి తరఫున దరఖాస్తు చేయవచ్చు. ఆహారం, తాత్కాలిక వసతి మాత్రం వీసాతో పని లేకుండా అందుతాయి.

ఇక బంగారం, పూజగది విగ్రహాల కోసం వెతకాలని మీ మనసు పీకుతుందని నాకు తెలుసు. ప్రమాదకర వస్తువుల తొలగింపు పూర్తయిందని బోర్డు పెట్టిన తరువాతే, ఎన్-95 మాస్కు, చేతి తొడుగులు, పొడవు చేతుల బట్టలు వేసుకొని, బూడిదను నీటితో కొద్దిగా తడిపి జల్లించండి. పిల్లలను వెంట తీసుకెళ్లవద్దు. బీరువా ఏ గదిలో, ఏ గోడ పక్కన ఉండేదో కాగితంపై గీసి శిథిలాలు తీసే సిబ్బందికి ముందే ఇవ్వండి, యంత్రం దిగాక చెప్పినా లాభం ఉండదు.