ముందు ఎండీఎఫ్ దగ్గరికి వెళ్ళు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బెంగళూరులో ఈపీఏబీఎక్స్ (ఆఫీసుల్లో లోపలి ఫోన్లు నడిపే చిన్న ఎక్స్ఛేంజీ) సర్వీసు పనిలో చేరావని మీ అమ్మ చెప్పింది. పీణ్యలో ఫ్యాక్టరీ అయినా, వైట్‌ఫీల్డ్‌లో ఆఫీసయినా నీకొచ్చే కంప్లయింటు ఒకటే: "ఫోన్ డెడ్ ఆగిదె", అంటే ఫోన్ చచ్చిపోయిందని. ఆ మాట పట్టుకుని తిన్నగా వాళ్ళ టేబుల్ దగ్గరికి పోకు. డయల్ టోనే లేదా, టోన్ ఉండీ నంబరు పోవట్లేదా, మోగుతోంది గానీ ఎత్తకముందే ఆగిపోతోందా అని అడుగు. మూడూ మూడు వేరే జబ్బులు.

తర్వాత ఎండీఎఫ్ (లైన్లన్నీ కలిపే పెట్టె) తలుపు తియ్యి. బయటి లైన్లు, సిస్టమ్ (అదే ఈపీఏబీఎక్స్) నుంచి వచ్చే తీగల జతలు, సీట్లకు పోయే కేబుళ్ళు కలిసేది అక్కడే. అందులో తీగలు దించే పట్టీ, అంటే క్రోన్ మాడ్యూల్, డిస్‌కనెక్షన్ రకమైతే నడిమి గాడిలో ప్లగ్ దూర్చు, జత రెండు వైపులా విడిపోతుంది. సిస్టమ్ వైపు టెస్ట్ ఫోన్ తగిలించు. టోన్ వస్తే తప్పు సీటు వైపు, రాకపోతే సిస్టమ్ లోపలి కార్డు వైపు. ఎటు వైపో తెలియకుండా ఫోన్లు మార్చుకుంటూ కూర్చునేవాళ్ళకి సాయంత్రం దాకా పనే!

ఇక మీటరు. ఎక్స్ఛేంజీ రాగి లైను మీద రిసీవరు పెట్టి ఉన్నప్పుడు 48 వోల్టుల అటూ ఇటూ డీసీ ఉంటుంది. ఎర్త్ చేసేది ప్లస్‌ని కాబట్టి ఎర్త్‌తో కొలిస్తే మైనస్ చూపిస్తుంది. మైనస్‌లో ఉన్న రాగి తడిలో తొందరగా తినేసుకుపోదని అలా పెట్టారు. రిసీవరు ఎత్తగానే లూప్ పూర్తయి 20 నుంచి 40 మిల్లీ ఆంపియర్లు పారతాయి, వోల్టేజీ 6–10కి దిగుతుంది. ఆ కరెంటు చూసే ఎక్స్ఛేంజీ టోన్ ఇస్తుంది. పెట్టి ఉండగానే 8 కనిపిస్తే అదే లైనుకి తగిలించిన ఇంకో ఫోన్ (పారలల్ ఫోన్) ఎవరో ఎత్తి వదిలేశారన్నమాట. పెట్టినప్పుడు 48 ఉండి, ఎత్తితే 2కి పడిపోతే ఎక్కడో జాయింటు తుప్పు పట్టింది. ఎక్స్‌టెన్షన్ల (సిస్టమ్ నుంచి సీట్లకు పోయే లైన్ల) మీద మాత్రం ఈ లెక్క పట్టుకోకు. కొన్ని సిస్టమ్‌లు 24 వోల్టులే ఇస్తాయి. బాగున్న పక్క ఎక్స్‌టెన్షన్‌ని కొలిచి పోల్చుకో.

ఒక్కసారి మోగి ఆగిపోతే కేబుల్లో తడి చేరిందేమో చూడు. లీకవుతున్న కరెంటును చూసి, ఎవరో ఎత్తారనుకుని సిస్టమ్ రింగ్ ఆపేస్తుంది. గుయ్‌మని హమ్ వస్తుంటే జతలో ఒక తీగ ఎర్త్‌కి తగిలిందేమో చూడాలి. అన్నట్టు, తీగ తొక్క పళ్ళతో లాగే అలవాటుంటే ఇవాళే మానెయ్. రింగ్ అంటే 75 వోల్టుల ఏసీ, ఎప్పుడు వస్తుందో తెలీదు.

క్రోన్‌లో తీగ దించేటప్పుడు అసలు తొక్కే తియ్యక్కర్లేదు. టూల్ నొక్కితే లోపలి దవడే ఇన్సులేషన్ కోసుకుని రాగిని పట్టుకుంటుంది, మిగిలిన కొస తెగిపోతుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దవడ వెడల్పయి, పొద్దున పనిచేసిన లైను మధ్యాహ్నానికి పోతుంది. ఇలాంటి తప్పు పట్టుకోవడం మహా కష్టం. జతలో ఒక తీగ ఇక్కడిదీ ఒకటి పక్క జతదీ కలిపావో, పక్క సీటు కబుర్లు ఇందులో వినిపిస్తాయి. జతల రంగుల వరస ఇదీ: తెలుపుతో నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద. ఆ తర్వాత ఎరుపుతో అవే ఐదు. ఈ వరస నిద్రలో లేపి అడిగినా చెప్పాలి.

ఇప్పుడు చాలాచోట్ల రాగి పోయి ఫైబర్ వచ్చింది. ఓఎన్‌టీలో (ఫైబర్ వచ్చి చేరే పెట్టెలో) ఫోన్ సాకెట్టు ఎఫ్‌ఎక్స్‌ఎస్, అంటే కరెంటు ఇచ్చే వైపు. దాన్ని సిస్టమ్‌లో బయటి లైను తీసుకునే ట్రంక్ పోర్టుకే, అంటే ఎఫ్‌ఎక్స్‌ఓకే కలపాలి. ఎక్స్‌టెన్షన్ కార్డుకి కలిపితే రెండూ ఇచ్చేవే, తీసుకునేది లేదు. ఓఎన్‌టీని కూడా యూపీఎస్ మీద పెట్టించు, కరెంటు పోతే లైనూ పోతుంది.

చివరిది ప్రోగ్రామింగ్. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి ముందు 0 కొట్టాలి. బయటి లైనుకో 0, మొబైల్‌కి ఇంకో 0. పాత సిస్టమ్‌లలో ఎస్టీడీ ఆపడానికి బయటి లైను 0 తర్వాత వచ్చే 0ని బార్ చేసి (పోకుండా ఆపి) ఉంటారు, దాంతో మొబైల్స్ కూడా పోవు. పొడవు చూసి వేరు చేద్దామన్నా కుదరదు, 0తో కలిపి మొబైల్ 11 అంకెలు, 080తో కలిపి మన బెంగళూరు నంబరూ 11 అంకెలే. ఆ 0 మీది బార్ తీసేసి, ఐఎస్‌డీ (విదేశీ కాల్స్) పోకుండా, బయటి లైను 0 తర్వాత వచ్చే 00 మాత్రం బార్ చెయ్యి. ఏది మార్చినా ముందు పాత సెట్టింగ్ బ్యాకప్ తీసుకో, మార్చిన జత నంబరు ఎండీఎఫ్ తలుపు లోపలి చార్టులో రాయి.

ఇట్లు,
మామయ్య