ఓపిక లేని రోజున కూడా చేయగలిగేంత చిన్న అలవాటుతో మొదలుపెట్టండి

"ప్రతిసారీ పెద్ద టైమ్‌టేబుల్ వేసుకుంటాను, ఒక రోజు తప్పితే మొత్తం పోయిందనిపించి వారం తిరక్కుండానే వదిలేస్తాను. ఒంటినీ మనసునూ రోజూ చూసుకునే అలవాట్లు నిలబడాలంటే ఏం చేయాలి?" అని అడిగారు. ఐదింటికి లేవడం, గంటసేపు వ్యాయామం, ధ్యానం, డైరీ, పడుకునే ముందు పుస్తకం అంటూ మీరు రాసిన టైమ్‌టేబుల్ కూడా చూశాను. అందులో పనికిరానిది ఒక్కటీ లేదు. కాకపోతే అది రాత్రి బాగా నిద్రపట్టి, ఆఫీసులో టెన్షన్ లేకుండా, ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్న రోజుకి సరిపోతుంది. అలాంటి రోజులు నెలలో ఎన్ని దొరుకుతాయో మీకే తెలుసు.

అమ్మకు ఆపరేషన్ అయ్యాక కొన్ని నెలలు ఆమెను చూసుకుంటూనే ఉద్యోగం చేశాను. అర్ధరాత్రి మందులివ్వడానికి లేవాలి, తెల్లారితే మీటింగులు. అంతకుముందు చేస్తున్న వ్యాయామం, ధ్యానం అన్నీ ఆగిపోయాయి. అప్పుడు కూడా నిలబడినవి మూడే: ఫోన్ పడకగదిలోకి రాకపోవడం, పొద్దున కాసేపు బయట నడవడం, వారంలో ఒక సాయంత్రం బాధ్యతను ఇంకొకరికి అప్పగించడం. అమ్మ కోలుకున్నాక మిగతావన్నీ వీటి చుట్టూనే మళ్లీ పేర్చుకున్నాను. అందుకే కొత్త అలవాటు ఏది మొదలుపెట్టినా, బాగా అలసిపోయిన రోజు ఇది చేయగలనా అని ముందు చూసుకోమంటాను. చేయలేననిపిస్తే ఇంకా తగ్గించండి.

మొదలుపెట్టాల్సింది మాత్రం నిద్రతోనే. నిద్ర చాలకపోతే చిరాకు, తీపి మీద కోరిక, వ్యాయామం మీద బద్ధకం అన్నీ ఒకేసారి మీద పడతాయి. పెద్దవాళ్లకు కనీసం 7 గంటలు కావాలని వైద్యులు చెబుతారు. నేను చేసిందల్లా ఛార్జర్‌ను మంచం పక్కనుంచి తీసి హాల్లో పెట్టడమే. రాత్రి పళ్లు తోముకుని వస్తూ ఫోన్‌ను అక్కడ తగిలించేస్తాను. అలారం కోసం బల్ల మీద మామూలు గడియారం ఉంది. మొదట్లో చెయ్యి దానంతటదే మంచం పక్కన తడిమేది, అక్కడ ఫోన్ ఉండేది కాదు. లేచి హాల్లోకి వెళ్లే ఓపిక లేక అలాగే నిద్రలోకి జారుకునేదాన్ని. మనసును గట్టిగా బిగబట్టుకోవాల్సిన పని లేకపోయింది.

ఇన్నింటికల్లా నిద్రపోవాలని పట్టుపడితే నిద్ర రాదు. లేచే సమయం మన చేతిలో ఉంటుంది కాబట్టి సెలవు రోజుల్లో కూడా దాన్ని మరీ మార్చకండి. లేవగానే కాసేపు బయట వెలుతురులో ఉండండి. ఆ వెలుతురు కంటికి తగిలితే ఒంట్లోని గడియారం సర్దుకుని, రాత్రి వేళకు నిద్ర ముంచుకొస్తుంది. సాయంత్రం కాఫీ మానేస్తే ఇంకా మంచిది. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ.

ఇక కొత్త అలవాటును పాత పనికి ముడిపెట్టడం. "రోజూ నడవాలి" అనుకుంటే సాయంత్రం దాకా వాయిదా పడుతూనే ఉంటుంది. "మధ్యాహ్నం తిన్న ప్లేటు కడిగి పెట్టగానే చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్లొస్తాను" అనుకుంటే అందులో వేళ ఉంది, చోటు ఉంది, మొదటి అడుగు ఉంది. మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ ఈ విషయం మీద చాలా పరిశోధన చేశారు. ఎప్పుడు, ఎక్కడ చేస్తామో ముందే తేల్చుకున్నవాళ్లు అనుకున్న పని పూర్తిచేసే అవకాశం ఎక్కువని అందులో తేలింది. నా నడక బూట్లు అలమారలో ఉండవు, గుమ్మం దగ్గరే ఉంటాయి, లోపల ఉతికిన మేజోళ్లు మడిచి పెట్టి ఉంటాయి. మేజోళ్లు వెతుక్కోవాల్సి వచ్చిన రోజున నడక ఆగిపోవడం నేను గమనించాను కాబట్టే ఈ ఏర్పాటు.

గంట దొరకలేదని మానేయకండి. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం లాంటి పని చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒక్కోసారీ కనీసం పది నిమిషాలైనా ఉండాలన్న పాత నియమాన్ని 2020 మార్గదర్శకాల్లో తీసేశారు. అంటే మెట్లెక్కిన రెండు నిమిషాలు కూడా లెక్కలోకి వస్తాయి.

ఒక రోజు తప్పితే మొత్తం పోయిందనుకుంటున్నట్టు మీ ప్రశ్నలోనే ఉంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఆ మాటే. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని ఎవరో చెప్పిన లెక్క పట్టుకుని మనల్ని మనం తిట్టుకోనక్కర్లేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మంది మీద చేసిన అధ్యయనంలో అలవాటు స్థిరపడటానికి సుమారు 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా తేడా రాలేదు. కాబట్టి తప్పిన మర్నాడు రెట్టింపు చేయాలని చూడకండి. మామూలుగా చేసేదే చేయండి.

మీ జాబితాలో లేనిది ఒకటి చెప్పాలి: సాయం అడగడం. చాలామంది దీన్ని ఆరోగ్యం కింద లెక్కేయరు గానీ, నాకు వ్యాయామం కంటే ఇదే ఎక్కువ పనికొచ్చింది. "నాకు కష్టంగా ఉంది" అంటే అందరూ "అయ్యో" అని ఊరుకుంటారు, వాళ్లకు ఏం చేయాలో తెలియదు. "ఆదివారం నాలుగు నుంచి ఆరు దాకా అమ్మ దగ్గర నువ్వుండవే, నేను బయటికి వెళ్లొస్తాను" అని చెల్లెలికి స్పష్టంగా చెప్పాను. "ముందే అడగొచ్చుగా అక్కా" అంది. ఆ రెండు గంటలు ఒక్కోసారి స్నేహితురాలితో మాట్లాడేదాన్ని, ఒక్కోసారి ఊరికే పార్కులో కూర్చునేదాన్ని. తిరిగొచ్చాక అమ్మతో విసుక్కోకుండా మాట్లాడగలిగేదాన్ని. మీ ఇంట్లో కూడా పని ఏమిటో, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకానో చెప్పి అడగండి.

ఒకటి మాత్రం జాగ్రత్త. రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉంటున్నా, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయినా, వీటితో సరిపెట్టుకోకుండా డాక్టర్‌ని కలవండి. చనిపోవాలనే ఆలోచనలు వస్తుంటే రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే దగ్గరివాళ్లకు చెప్పి వైద్య సాయం తీసుకోండి.

ప్రస్తుతానికి ఆ టైమ్‌టేబుల్ పక్కన పెట్టి, ఈ రాత్రి ఛార్జర్ జాగా మార్చండి. ఎంత తీరిక లేని రోజైనా మీరు తప్పకుండా చేసే పని ఏదో కింద రాయండి, నడకను దానికి ఎలా ముడిపెట్టొచ్చో చూద్దాం.