సైన్స్ బోధన మీద సదస్సు పెట్టబోతున్న నా శిష్యురాలికి

బిడ్డా,

ఆశీస్సులు. నువ్వు పంపిన సదస్సు ప్రతిపాదన నిదానంగా చదివాను. ఉద్యోగంలో చేరిన కొద్దికాలానికే ఇంత పని నెత్తికెత్తుకున్నావని చాలా సంతోషించాను. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

మొదట పేరు సంగతి. “ఇరవై ఒకటో శతాబ్దంలో విజ్ఞానశాస్త్ర బోధన: సవాళ్లు, అవకాశాలు” అని పెట్టావు. ఈ పేరుతో సదస్సు నల్గొండలో పెట్టొచ్చు, గుంటూరులో పెట్టొచ్చు, ఈ ఏడు పెట్టొచ్చు, పదేళ్ల తర్వాతా పెట్టొచ్చు. వచ్చినవాళ్లు ఏదైనా మాట్లాడి పోవచ్చు. గ్రాంటు ఇచ్చేచోట ఫైలు చూసేవాళ్ల ముందు ఇలాంటి పేర్లు కుప్పలుగా ఉంటాయి. ఈ సభ ఇక్కడే ఎందుకు, ఇప్పుడే ఎందుకు, వీళ్లే ఎందుకు పెట్టాలి అన్నదానికి వాళ్లు జవాబు వెతుకుతారు. అది నీ మొదటి పేరాలోనే దొరకాలి.

ఆ జవాబు కోసం నువ్వు ఎక్కడికో పోనక్కర్లేదు. మన జిల్లా పేరు నీటిశుద్ధి పుస్తకాల్లో దేశదేశాలు తిరిగింది. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన నల్గొండ టెక్నిక్ నీకు తెలిసిందే: ఫ్లోరైడ్ ఉన్న నీళ్లలో సున్నం, పటిక వేసి బాగా కలిపి, మడ్డి అడుగుకు దిగాక పైతేట వంచుకోవడం. హైస్కూలు నుంచి డిగ్రీ దాకా చెప్పుకోదగ్గ రసాయనశాస్త్రం ఆ ఒక్క బకెట్టులో ఉంది. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. ఇప్పుడు చాలా ఊళ్లకు కృష్ణా నీళ్లు కుళాయిల్లో వస్తున్నాయి. కాబట్టి మర్రిగూడ, మునుగోడు వైపు ఈ తరం పిల్లలకు ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లవల్ల వచ్చే ఎముకల జబ్బు) అంటే తాత వంగిన కాళ్లు, నాయనమ్మ నడుం నొప్పి. వాళ్ల ఎముకలు అట్లా ఎందుకయ్యాయో బడిలో ఎవరైనా చెబుతున్నారా? ఎట్లా చెబుతున్నారు? ఇది ఒక పూర్తి సెషన్‌కు సరిపడే ప్రశ్న. దీన్ని అడిగే హక్కు మనకున్నంతగా ఇంకెవరికీ లేదు.

ఇంకోటి, పానగల్ ఛాయా సోమేశ్వరాలయం. నల్గొండ ఊరికి ఆనుకునే ఉన్న పాత గుడి. గర్భగుడిలో స్తంభం నీడ పగలంతా ఒకేచోట పడుతుంది. సూర్యుడు కదులుతుంటే నీడ ఎందుకు కదలదని పిల్లలు తప్పకుండా అడుగుతారు. దీన్ని సదస్సులో ఉపన్యాసంగా పెట్టొద్దు, బల్లమీద చేసి చూపించేట్టు పెట్టు. ఒక చాక్‌పీసును స్తంభంలాగా నిలబెట్టి, ఫోన్ టార్చి నేరుగా దానిమీద కొట్టితే, టార్చి జరిగినకొద్దీ నీడా జరుగుతుంది. అదే టార్చిని ఎదురుగా నిలబెట్టిన తెల్ల అట్టమీద కొట్టి, అట్టమీంచి చెదిరి వచ్చే వెలుగు చాక్‌పీసు మీద పడేట్టు చెయ్యి. ఇప్పుడు టార్చి ఎటు జరిపినా నీడ దాదాపు ఉన్నచోటే ఉంటుంది. పిల్లలు “అరె, వెలుగు వచ్చేది అట్టనుంచి కదా!” అని వాళ్లంతట వాళ్లే అంటారు. ఆ మాట వాళ్ల నోటివెంట వచ్చేదాకా టీచరు ఓపిక పట్టాలి. సైన్స్ బోధన గురించి గంటసేపు చెప్పే థియరీ కంటే ఈ ఐదు నిమిషాలు టీచర్ల మనసులో నాటుకుంటాయి.

మూడో అంశంగా రెండు భాషల పుస్తకాలు తీసుకో. 2022-23 నుంచి మన సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం పెట్టి, ఒక పేజీ తెలుగు, ఎదురుపేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు ఇచ్చారు. క్లాసులో సైన్స్ టీచరు ఏ పేజీ చదివిస్తున్నాడు, పిల్లలు పరీక్షలో ఏ పేజీ రాస్తున్నారు అన్నది తరగతిలో నిలబడ్డవాళ్లకే తెలుసు. కాబట్టి పేరు “ప్రయోగశాల లేని బడిలో ప్రయోగం: దక్షిణ తెలంగాణ ఉన్నత పాఠశాలల అనుభవాలు” అనిపెట్టి, కింద ఈ మూడు ఉపాంశాలు రాయి. నువ్వు రాసిన పద్నాలుగు ఉపాంశాలు కొట్టెయ్యి. కృత్రిమ మేధ, నానో, అంతరిక్షం అన్నీ ఉంటే ఎవరికీ ఏదీ అందదు.

ఇక నేను గట్టిగా పట్టుబట్టేది ఒకటి ఉంది. మాట్లాడేవాళ్లలో కనీసం సగంమంది బడుల్లో పాఠం చెప్పే టీచర్లు ఉండాలి. సైన్స్ బోధన మీద మీటింగ్ పెట్టి, యూనివర్సిటీ వాళ్లం మాట్లాడుతూ ఉంటే స్కూల్ అసిస్టెంట్లు (హైస్కూలు టీచర్లు) వెనక వరసల్లో సర్టిఫికెట్ కోసం కూర్చోవడం నాకు చూడబుద్ధి కాదు. దేవరకొండ దగ్గర తండా బడిలో, అచ్చంపేట అవతల నల్లమల అంచున ఉన్న ఆశ్రమ పాఠశాలలో చెప్పేవాళ్లకు తెలిసింది మనకు తెలియదు. వాళ్లను పిలవాలంటే పిలుపు వాళ్ల భాషలో ఉండాలి. పేపర్లు తెలుగులో కూడా తీసుకుంటామని పెద్ద అక్షరాల్లో వెయ్యి. అబ్‌స్ట్రాక్ట్ (పేపరు సారాంశం) అడిగేటప్పుడు “300 పదాలు, ఐదు కీవర్డ్స్” అని ఊరుకోకు. ఏ తరగతికి చెప్పారు, ఎంతమంది పిల్లలు, ఏం వస్తువులు వాడారు, పిల్లలు ఎక్కడ తప్పుగా అనుకున్నారు, తర్వాత మీరేం మార్చారు అని అడుగు. ఈ ప్రశ్నలకు జవాబు రాసినవాళ్లు నిజంగా పాఠం చెప్పినవాళ్లు. ఎక్కడినుంచో ఎత్తి అతికించిన అబ్‌స్ట్రాక్ట్‌లు ఇక్కడే రాలిపోతాయి, నీకు వడపోత సగం తగ్గుతుంది.

ఇలాంటి పని ఇదివరకు ఎక్కడ జరిగిందో కాన్సెప్ట్ నోట్‌లో చెప్పాలి. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం 1972లో 16 బడులతో మొదలై 2002 దాకా నడిచింది. చవక వస్తువులతో ప్రయోగాలు, నెలనెలా టీచర్లు కలిసి కూర్చుని తరగతిలో ఎదురైన చిక్కులు చెప్పుకోవడం దాని పద్ధతి. ముంబైలోని హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రం 2004లో ఎపిస్టెమీ పేరుతో సైన్స్ విద్యా పరిశోధన సదస్సులు మొదలుపెట్టింది. వాటి వ్యాసాలు చదివి, అందులో లేనిది మన సదస్సు ఏం చేర్చగలదో రెండు వాక్యాలు రాయి. ఈ రెండు వాక్యాల కోసం నువ్వు ఒక వారం కూర్చున్నా తప్పులేదు.

తేదీ విషయంలో తొందరపడ్డావు. ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవం కదా అని ఆ రోజే పెట్టాలనుకున్నావు. ఆ రోజు ప్రతి బడిలో, ప్రతి కాలేజీలో వాళ్ల కార్యక్రమం వాళ్లకు ఉంటుంది, మంచి వక్తలు ఎవరికీ దొరకరు. పైగా ఆ నెలంతా ఇంటర్ ప్రాక్టికల్స్, పదో తరగతి ప్రత్యేక క్లాసుల టెన్షన్. దసరా, దీపావళి దాటాక నవంబర్ చివరివారం చూడు. పాలమూరు వైపువాళ్లను పిలిచేముందు కురుమూర్తి జాతర అయిపోయిందో లేదో కనుక్కో. శుక్ర, శనివారాలు మంచివి, ఆదివారం వాళ్ల ఇల్లు వాళ్లకు వదిలెయ్యి. టీచర్లకు ఓడీ (ఆన్ డ్యూటీ అనుమతి) కోసం డీఈఓ (జిల్లా విద్యాధికారి) గారికి ప్రిన్సిపాల్ సంతకంతో ఉత్తరం కనీసం నెలముందు చేరాలి. ఓడీ ఉత్తర్వు లేకపోతే సగంమంది రారు, వాళ్లను తప్పుపట్టలేం.

ప్రారంభ సభ నలభై నిమిషాలు దాటనివ్వకు. ఇది చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, పదకొండుమంది వేదికమీద, ఒక్కొక్కరు “రెండు మాటలు” చెప్పేసరికి మధ్యాహ్నం అవుతుంది. మొదటి సెషన్‌లో పేపర్ చదవాల్సిన టీచరు దిక్కులు చూస్తూ కూర్చుంటుంది. పెద్దల్లో కొందరిని ముగింపు సభకు పిలువు, కొందరిని మధ్యాహ్నం ప్రయోగాల బల్లల దగ్గరికి పిలువు. పిల్లలు చేసి చూపిస్తుంటే వాళ్లూ సంతోషిస్తారు, ఫోటోలూ బాగా వస్తాయి. హైదరాబాద్ వంద కిలోమీటర్లే కాబట్టి అక్కడినుంచి వచ్చే వక్త కీలకోపన్యాసం ఇచ్చి భోజనానికి ముందే కారెక్కుతారు. సాయంత్రం చర్చలో కూడా కూర్చుంటామంటేనే పిలుస్తామని ముందే మర్యాదగా చెప్పు. ఒక్కో పేపరుకు పది నిమిషాలు, ప్రశ్నలకు ఇంకో పది. చర్చ రాసుకోవడానికి ప్రతి సెషన్‌కు ఒక పీజీ విద్యార్థిని కూర్చోబెట్టు.

డబ్బు గురించి క్లుప్తంగా చెబుతా. ఐసీఎస్ఎస్ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) దక్షిణ ప్రాంత కేంద్రం ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లోనే ఉంది, విద్యాశాస్త్రం వాళ్ల పరిధిలోకి వస్తుంది కాబట్టి అక్కడ తప్పకుండా అడుగు. సైన్స్ వైపు సంస్థలనూ విడిగా అడుగు, కాని రెండుచోట్లా ఒకే ఖర్చు చూపించకు. మంజూరైన సొమ్ము అంతా ముందే చేతికి రాదనుకో. మిగతాది లెక్కలు, యుటిలైజేషన్ సర్టిఫికెట్ (సొమ్ము దేనికి వాడామో తెలిపే పత్రం) పంపాక వచ్చేదాకా కాలేజీ అకౌంట్ నుంచి సర్దుతారా అని ప్రిన్సిపాల్ గారిని ఇప్పుడే అడుగు. నీ జీతంలోంచి మాత్రం పెట్టకు. బడ్జెట్‌లో మెమెంటోలు, ఫ్లెక్సీలకు రాసింది తీసి టీచర్ల ప్రయాణ ఖర్చులకు వెయ్యి. అచ్చంపేట నుంచి సొంత ఖర్చుతో వచ్చి, రిజిస్ట్రేషన్ ఫీజు కూడా కట్టమంటే ఎవరు వస్తారు? బడి టీచర్లకు ఫీజు వద్దు. ప్రతి బిల్లు ఆ రోజు సాయంత్రమే ఒక ఫైల్లో పెట్టించు.

ప్రొసీడింగ్స్ (సదస్సు పేపర్ల) పుస్తకానికి ఐఎస్‌బీఎన్ (పుస్తక గుర్తింపు సంఖ్య) గురించి చాలా బెంగపడుతున్నావు. ప్రమోషన్ లెక్కల్లో అది కావాలి, కాదనను. కానీ దానికంటే ముందు, సదస్సులో చూపించిన ప్రయోగాలన్నీ ఒక్కొక్కటి ఒక పేజీలో, కావాల్సిన వస్తువులు, చేసే పద్ధతి, పిల్లలు అడిగే ప్రశ్నలతో తెలుగులో రాయించి నెల తిరక్కుండా పిల్లల చేతుల్లోకి చేరేట్టు, చుట్టుపక్కల బడులను కలిపే స్కూల్ కాంప్లెక్స్‌లకు పంపించు. వచ్చిన టీచర్లలో ఆసక్తి ఉన్నవాళ్లను ఏరి, మూడు నెలలకోసారి ఏదో ఒక బడిలో కలిసేట్టు ప్రతిపాదనలోనే రాయి. దానికి పెద్ద ఖర్చు కాదు, టీ, బిస్కెట్లు, బస్సు చార్జీలు.

ప్రిన్సిపాల్ గారి సంతకానికి పెట్టేముందు రెండో డ్రాఫ్టు నాకు పంపు. అబ్‌స్ట్రాక్ట్‌ల వడపోతకు నేను వచ్చి కూర్చుంటాను. వేదికమీద కుర్చీ మాత్రం నాకు వెయ్యొద్దు, ఛాయా సోమేశ్వరం బల్ల నాకిచ్చెయ్యి, చాక్‌పీసులు, అట్టలు నేనే తెచ్చుకుంటాను.

మీ సార్,
నల్గొండ