విండోలో దిద్దిన డేటా డిస్కుకు ఎప్పుడు చేరుతుంది?

ప్రశ్న: జడ్/ఓఎస్ (ఐబీఎం ఆపరేటింగ్ సిస్టమ్) నడిచే మెయిన్‌ఫ్రేమ్‌పై అసెంబ్లర్‌లో రాసిన మా ప్రోగ్రామ్ ఒక లీనియర్ డేటాసెట్‌ను (రికార్డుల విభజన లేని ఫైలును) విండో సర్వీసుల (డిస్కు మీది డేటాను మెమరీలోని ‘విండో’ అనే భాగంలో చూపే సిస్టమ్ సర్వీసుల) ద్వారా అప్‌డేట్ మోడ్‌లో తెరిచి, అందులోని రేట్ల పట్టికలను మారుస్తుంది. మార్చిన ప్రతిసారీ వాటిలోని సీఎస్ఆర్‌స్కాట్ సర్వీసును పిలుస్తున్నాం, రిటర్న్ కోడ్ సున్నాయే (అంటే విజయమే) వస్తోంది. అయినా మర్నాడు జాబ్ నడిపితే పాత రేట్లే కనిపిస్తున్నాయి. లోపం ఎక్కడ ఉంది?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు యాక్సెస్ మొదలుపెట్టేందుకు సీఎస్ఆర్‌ఐడాక్ సర్వీసును పిలిచినప్పుడు స్క్రోల్ ఏరియా కావాలని కోరి ఉంటారు. అలా కోరితే మీ విండోకూ డిస్కు మీది డేటాసెట్‌కూ నడుమ సిస్టమ్ మరొక తాత్కాలిక నిల్వను ఏర్పరుస్తుంది. సీఎస్ఆర్‌స్కాట్ విండోలోని మార్పులను ఆ నడిమి నిల్వకు చేర్చి ఊరుకుంటుంది. యాక్సెస్ ముగిసినప్పుడు ఆ నిల్వ రద్దవుతుంది, కొత్త రేట్లూ దానితోపాటే పోతాయి. చిట్టాలో రాసిన పద్దు ఆవర్జాకు ఎక్కకుండానే చిట్టా చిరిగిపోయినట్టు జరుగుతోందన్నమాట. పిలిచిన సర్వీసు తన వంతు పని సరిగానే చేసింది కనుక రిటర్న్ కోడ్ సున్నా రావడం సహజమే.

విండో సర్వీసులలో శాశ్వత ఆబ్జెక్టును, అంటే డిస్కు మీది డేటాసెట్‌ను, మార్చేది సీఎస్ఆర్‌సేవ్. స్క్రోల్ ఏరియా ఉన్నప్పుడు అది విండోలోని మార్పులను ముందు స్క్రోల్ ఏరియాకు చేర్చి, అక్కడి నుంచి డిస్కుకు పంపుతుంది కాబట్టి, దానికి ముందు సీఎస్ఆర్‌స్కాట్‌ను విడిగా పిలవనక్కరలేదు. దీనికి ఆబ్జెక్టు గుర్తింపు, ఆఫ్‌సెట్ (ఎక్కడి నుంచి), స్పాన్ (ఎంత మేర) ఇవ్వాలి. సేవ్ తరువాత ఆబ్జెక్టు పరిమాణం, రిటర్న్ కోడ్, రీజన్ కోడ్ తిరిగి వస్తాయి. ఆఫ్‌సెట్, స్పాన్ రెండింటినీ 4,096 బైట్ల బ్లాకులలో లెక్కించాలి. బైట్లలో ఇచ్చే పొరపాటు కొత్తవారిలో తరచుగా కనిపిస్తుంది. ఒక్క బైటు మార్చినా అది ఉన్న బ్లాకు మొత్తం డిస్కుకు వెళ్తుంది గాని, మార్చని బ్లాకులను సిస్టమ్ తిరిగి రాయదు. అందువల్ల పెద్ద పట్టికలోనైనా సేవ్ ఖర్చు మీరు తాకిన బ్లాకుల మేరకే ఉంటుంది.

యూనిక్స్‌లో ఎంమ్యాప్‌తో (ఫైలును మెమరీలో చూపే సౌకర్యంతో) పనిచేసి వచ్చినవారు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. అక్కడ ఫైలును షేర్డ్‌గా మ్యాప్ చేస్తే మారిన పేజీలను కర్నెల్ తనంతట తానే ఫైలుకు రాస్తుంది. జడ్/ఓఎస్‌లో మెమరీ చాలక మారిన పేజీని బయటికి పంపవలసి వచ్చినా అది పేజీ డేటాసెట్‌లోకి (మెమరీ పేజీల కోసం సిస్టమ్ ఉంచుకునే డిస్కు స్థలంలోకి) వెళ్తుందే తప్ప మీ ఆబ్జెక్టును తాకదు. ప్రోగ్రామ్ ఎంత సేపు నడిచినా, సేవ్ చేయని మార్పు దానంతట అది శాశ్వతం కాదు. నా దృష్టిలో ఇది ఎంతో విలువైన లక్షణం, ఎందుకంటే లెక్క మధ్యలో తప్పు దొర్లితే రిఫ్రెష్ సర్వీసును పిలిచి, చివరిసారి సేవ్ చేసిన స్థితికి నిశ్చింతగా తిరిగి వెళ్లవచ్చు.

వరుస కూడా ముఖ్యమే. సీఎస్ఆర్‌వ్యూతో విండోను ముగించడం గాని, సీఎస్ఆర్‌ఐడాక్‌తో యాక్సెస్‌ను ముగించడం గాని దేనినీ సేవ్ చేయదు. కనుక సీఎస్ఆర్‌సేవ్ వాటికి ముందే జరగాలి, దాని రిటర్న్ కోడ్‌ను చూశాకే తరువాతి అడుగు వేయాలి. స్క్రోల్ ఏరియా లేకుంటే విండోలో ఉన్న బ్లాకులను మాత్రమే సేవ్ చేయగలరు కాబట్టి, విండోను మరో భాగానికి జరిపే ముందే ఆ పని ముగించాలి. డీఐవీ (డేటా-ఇన్-వర్చువల్) మాక్రోను నేరుగా వాడేవారికీ ఇదే నియమం వర్తిస్తుంది: అన్‌మ్యాప్‌కు (విండోను ముగించడానికి) ముందు సేవ్.

ఈ సర్వీసులు డీబీ2 డేటాబేస్ మాదిరిగా మార్పుల లాగ్ ఉంచవు. అనేక బ్లాకులను సేవ్ చేస్తుండగా సిస్టమ్ ఆగిపోతే వెనక్కి తీసుకువెళ్లే యంత్రాంగం వాటిలో లేదు కనుక, రేట్ల వంటి కీలక పట్టికలను మార్చే జాబ్‌కు ముందు డేటాసెట్ ప్రతిని తీసుకునే స్టెప్‌ను తప్పక చేర్చండి.